పై చదువునకు తొలిరూపాయి

అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత మన యిండ్లలో పసిబిడ్డలకు సైతము తెలియును. కాని పట్టపరీక్షలో కృతార్థులై పై చదువునకు పోదలచిన మన యువతీయువకులకు ఎవరిని అడుగవలయునో, ఎప్పుడు అడుగవలయునో, ఏమని అడుగవలయునో చెప్పువారు లేరు. బిడ్డకు మంచి మార్కులు వచ్చిన దినమున సంతోషించిన తండ్రి మఱునాటినుండి వడ్డీవ్యాపారి గుమ్మము వంక చూచును. కాదేని తన రెండెకరముల పాసుపుస్తకము వంక చూచును. ఈ రెంటికంటె ముందు చూడదగిన చోటులు కొన్ని కలవని అతనికి తెలియదు. తెలిసిన చదువరులు చెప్పరు. ఈ యజ్ఞానమువలన ఏటేట మన గ్రామములలో ఎన్ని చదువులు బి.ఏ., బి.ఎస్సీ.లతోనే ముగియుచున్నవో లెక్క వ్రాసినవారు లేరు. కాని అట్టి వారి పేర్లు ఒకటిరెండైనను ప్రతి గ్రామమునను ప్రతివారికిని గుర్తుకు రాగలవు.

పెనుగొలను గ్రామమునే తీసికొందము. ఇది గంపలగూడెము మండలమున, తెలంగాణపు సరిహద్దునకు చేరువనున్న పల్లె. పూర్వపు తిరువూరు తాలూకాలోనిది. 2022వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినప్పుడు కృష్ణాజిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది. పెను కొలను అనగా పెద్ద చెరువు. పేరులోనే నీరున్న యీ ప్రాంతమునకు నాగార్జునసాగరపు ఎడమకాలువ తుది ఆయకట్టు. జలాశయమున నీరుండుట వేరు, చివరి పొలమునకు నీరు చేరుట వేరు అని ఇచ్చటి రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. జలాశయము నిండినదని పత్రికలో చదివిన దినముననే అతని మిరపతోట ఎండుచుండుట కలదు. పై చదువుల కొఱకు ప్రభుత్వములును, విశ్వవిద్యాలయములును, ధర్మసంస్థలును వెచ్చించు ధనముగూడ సరిగా ఇట్టిదే. అది కలదు. కాని కాలువ తుదనున్న పల్లెకు అది చేరుసరికి చదువుల ఋతువు దాటిపోవుచున్నది.

మేము చెప్పదలచినది ఒక్కటే. సరియైన చదువును సరియైన చోట ఎన్నుకొన్న విద్యార్థికి కావలసిన పెద్ద మొత్తము తఱచుగా ఎక్కడనో ఒకచోట లభించును, లభింపనిది తొలిరూపాయి. పరీక్ష రుసుమునకు, ధ్రువపత్రములకు, ప్రయాణమునకు, మంజూరైన సొమ్ము చేతికందులోపల తిండికి కావలసిన కొలది పైకము లేక పెద్ద సహాయము చేజారుచున్నది. ఆ తొలిరూపాయిని ఇచ్చు శక్తి గ్రామమునకు కలదు. ఇచ్చు ధర్మముగూడ గ్రామముదే.

ఇది మనకు క్రొత్త ధర్మము కాదు. వారములు చెప్పుకొని చదువుట మన తాతల కాలమున వింత కాదు. సోమవారము ఒక యింట, మంగళవారము వేరొక యింట భుజించుచు బాలురు చదువు ముగించిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి బిడ్డలను పెంచినది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి చదువునకు తోడ్పడెను. కాని ఒక మాట దాచరాదు. వారముల అన్నము అన్ని కులముల బిడ్డలకును లభించినది కాదు. ఆడుబిడ్డలకు లభించినది అసలే కాదు. దయతో పెట్టిన అన్నము పెట్టువాని యిష్టమును అనుసరించి యుండును. కనుకనే దయ స్థానమున హక్కు రావలసివచ్చినది.

హక్కునకు పూర్వమున్న స్థితి యెట్టిదో ఇద్దరు మహనీయుల జీవితములు తెలుపుచున్నవి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి అధ్యాపకుని ఆగ్రహమునకు గురియైరి. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమే వారికి దక్కినది. తరువాత అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోవుటకు వారి చేతిలో ధనము లేదు. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సహాయము చేయుదునని మాట ఇచ్చినది. మామగారు మఱికొంత పైకము సమకూర్చిరి. హార్వర్డులో విద్యార్థివేతనము లభింపలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడుగా పనిచేసి పగలు చదివిరి. 1930లో డాక్టరేటు పొందిరి. ఫోలిక్ ఆమ్లమును, మెథోట్రెక్సేటను మందును లోకమునకు అందించిన పరిశోధనలకు నాయకత్వము వహించినది ఈ భీమవరము బిడ్డయే. కాకినాడ ధర్మసంస్థ ఆ విద్య మొత్తమునకు మూల్యము చెల్లింపలేదు. ఓడ యెక్కుటకు ధైర్యమిచ్చినది. తక్కినది ఆయన చేతులే సంపాదించుకొన్నవి. తొలిరూపాయి విలువ ఇట్టిది.

రెండవవారు డాక్టరు అంబేద్కరుగారు. 1913లో బరోడా ప్రభువు సయాజీరావు గైక్వాడు నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు వేతనమిచ్చి, తిరిగివచ్చి సంస్థానమున కొలువు చేయవలయునను ఒప్పందముతో ఆయనను న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. 1916లో ఆయన లండను చేరెను. 1917లో వేతనపు గడువు ముగిసినది. చదువు సగములో విడిచి స్వదేశమునకు రావలసివచ్చినది. బొంబాయిలో ఉద్యోగము చేసి కూడబెట్టిన ధనమును, కొల్హాపురపు సాహు మహారాజు సహాయమును, ఒక పార్సీ మిత్రుని తోడ్పాటును కలుపుకొని 1920లో మరల లండనునకు పోయి 1923లో డి.ఎస్సీ. పట్టము పొందెను. అంతటి మేధావికే వేతనము చదువుకంటె ముందు ముగిసినది. ఆ కష్టము నెఱిగినవాడు గనుకనే అధికారములోనికి వచ్చినపుడు నిమ్నజాతుల విద్యార్థుల కొఱకు ప్రభుత్వ ధనమును పట్టుబట్టి సాధించెను. 1944నుండి సాగుచున్న మెట్రిక్ అనంతర ఉపకారవేతనము ఆ కాలపు ఫలమే.

ఇక నేటి కాలువల సంగతి చూతము. ఇవి ముఖ్యముగా మూడు: రాష్ట్రమిచ్చు రుసుము సహాయము, ప్రతిభను పరీక్షించి ఇచ్చు ఫెలోషిప్పులు, విదేశవిద్యకు లభించు సహాయములు. వీనికి ప్రక్కన బ్యాంకు ఋణమొకటి కలదు. అది సహాయము కాదు, బాధ్యత. దానిని వేరుగా చెప్పుదుము.

మొదటిది రుసుము సహాయము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము దీనిని విస్తరించినది. 2019వ సంవత్సరపు నిబంధనల ననుసరించి కుటుంబపు వార్షికాదాయము రెండున్నర లక్షలకు మించరాదు. భూమి యున్నచో మాగాణి 10 ఎకరములు, మెట్ట 25 ఎకరములు, రెండును కలిసినచో 25 ఎకరములు హద్దు. ఈ హద్దును మా పాఠకులు శ్రద్ధగా గమనింతురుగాక. అయిదెకరముల రైతు అనేకుడు, తనకు భూమి కలదు గనుక తన బిడ్డకు సహాయము రాదని తానే తీర్మానించుకొని దరఖాస్తు చేయుటయే మానుచున్నాడు. మఱియొక వంక కౌలుదారునకు చేతిలో కాగితము లేదు. పంట పోయినను ఆదాయము తగ్గినదని చూపుటకు ఆధారము లేదు. వీరిద్దరి నడుమ, కలిగియుండియు తక్కువ ఆదాయపు పత్రము తెచ్చుకొనువారును లేకపోలేదు. అట్టివారు తాము మోసగించినది ప్రభుత్వమును అనుకొందురు. కాదు. వారు దోచుకొన్నది తమ పొలమున కలుపుతీయు కూలివాని కుమార్తెను.

ఈ కాలువకు తలుపులు ఎప్పుడు మూయుదురో తెలియకుండుట మఱొక కీడు. 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వము షెడ్యూల్డు కులముల మెట్రిక్ అనంతర వేతనములకు అయిదేండ్లకు 59,048 కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించి, అందు నూటికి అరువది పాళ్ళు తానే భరింతునని ప్రకటించినది. అదే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వము 77వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించి, 2020-21నుండి ప్రైవేటు కళాశాలలలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. మొదలగు స్నాతకోత్తర తరగతులలో చేరువారికి ఈ సహాయమును నిలిపివేసినది. విశ్వవిద్యాలయ కళాశాలలకు, ప్రభుత్వ కళాశాలలకు మాత్రమే దానిని పరిమితము చేసినది. విద్యార్థిసంఘములు ఆ యుత్తర్వు రద్దునకై యేండ్ల తరబడి ఆందోళన సల్పినవి. విశ్వవిద్యాలయపు ముంగిటనున్నవానికి ఈ భేదము చిన్నది. ఊరినుండి రోజూ పోయివచ్చుటకు వీలగు ప్రైవేటు కళాశాలను నమ్ముకొన్న ఆడుబిడ్డకు ఇది చదువునకును ఇంటికిని నడుమ లేచిన గోడ. కావున చేరుటకు ముందే విద్యార్థి రెండు ప్రశ్నలు వేయవలయును: నేను చేరు కళాశాల యేది, నేను దరఖాస్తు చేయు సంవత్సరమున అమలులోనున్న ఉత్తర్వు ఏది? చేరిన పిమ్మట వేసిన ప్రశ్న నిష్ఫలము.

సొమ్ము ఆలస్యమైనపుడు కళాశాలలు విద్యార్థి అసలు ధ్రువపత్రములను అట్టిపెట్టుకొనుటయు విన్నదే. అసలు పత్రములను అట్లు ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము 2018 అక్టోబరులో స్పష్టముగా ప్రకటించినది. ఈ ప్రకటన ఉన్నదని తెలిసిన విద్యార్థి వినయముగా, వ్రాతమూలకముగా అడుగగలడు. తెలియనివాడు గుమ్మమున నిలిచి బ్రతిమాలును. ప్రభుత్వము బాకీపడిన సొమ్మునకు విద్యార్థిని తనఖాగా పట్టుట ఏ న్యాయమునను ఒప్పదు.

రెండవది ప్రతిభావేతనము. గేటు పరీక్షలో అర్హత పొంది ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు లభించును. నెట్ పరీక్షలో జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు సంపాదించి పరిశోధనకు చేరినవారికి 2023 జనవరినుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు; ఇంటియద్దె దీనికి అదనము. షెడ్యూల్డు కులముల పరిశోధకులకు 2005-06లో ప్రారంభమైన జాతీయ ఫెలోషిప్పు వేరుగా కలదు. అల్పసంఖ్యాక వర్గముల కొఱకుండిన మౌలానా ఆజాదు ఫెలోషిప్పును 2022-23నుండి నిలిపివేసిరి. నిలిపివేయుటకు ప్రభుత్వము చూపిన కారణము, ఇతర ఫెలోషిప్పులతో అది కలిసిపోవుచున్నదని. ఒక ద్వారము మూయునపుడు, ఆ ద్వారమువైపు నడచివచ్చుచున్నవాని గతి యేమని ఆలోచించుట పాలకుల కర్తవ్యము.

ఈ మొత్తములను మరల చూడుడు. నెలకు 37,000 రూపాయలు పల్లెటూరి కుటుంబమునకు సామాన్యమైన రాబడి కాదు. ఇంత పెద్ద సహాయమునకు ప్రవేశరుసుము ఎంత? 2024లో నెట్ పరీక్షకు సామాన్యవర్గపు అభ్యర్థి చెల్లించినది 1,150 రూపాయలు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు చెల్లించినది 325 రూపాయలు. పుస్తకములు, విజయవాడకు రానుపోను బస్సు ఖర్చు, పరీక్ష ముందటి రాత్రి బస, చదువుకొనుటకు కూలిపని మాని విడిచిన నాలుగు నెలల కాలము, వీనినన్నిటిని కలిపినను ఒక యెకరము మిరపతోటకు పెట్టు పెట్టుబడితో అది సమానము కాదు. ఐనను పెట్టుబడి పెట్టువాడు లేక ఈ పంట వేయబడుటలేదు.

మూడవది విదేశవిద్య. 2023-24లో అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందు 1,96,567 మంది పట్టానంతర తరగతులవారు. వీరిలో మన తెలుగువారి పాలు ఎంత పెద్దదో ప్రతి పట్టణపు ప్రతి వీథికిని తెలియును. ఐనను మనవారు గ్రహింపని భేదమొకటి కలదు. అచ్చట మాస్టరు పట్టమునకు చదువువారిలో అధికులు స్వంత ధనముతోనో అప్పుతోనో చదువుదురు. డాక్టరేటునకు ప్రవేశము పొందినవారికి, విశేషించి విజ్ఞానశాస్త్రములలోను ఇంజనీరింగులోను, విశ్వవిద్యాలయమే బోధనరుసుమును మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో సహాయకుని పని యిచ్చి, నెలనెలకు వేతనమిచ్చుట వాడుక. ఆ పని సాధారణముగా వారమునకు 20 గంటలు: క్రింది తరగతుల వ్రాతపుస్తకములు దిద్దుట, ప్రయోగశాలలో విద్యార్థులకు చేయి చూపుట, ఆచార్యుని పరిశోధనలో పాలుపంచుకొనుట. ఆ సహాయమును తెలుపు లేఖయే వీసా అధికారికి చూపదగిన ధనసాక్ష్యము. మన ఇంజనీరింగు పట్టభద్రుడు మాస్టరు పట్టము లేకయే నేరుగా డాక్టరేటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఈ ఒక్క వాక్యము తెలియక పొలములు అమ్మినవారు కలరు.

మఱియొక నియమము. అమెరికాలోని గ్రాడ్యుయేటు విద్యాలయముల మండలి తీర్మానమును అంగీకరించిన విశ్వవిద్యాలయములు, తామిచ్చిన సహాయమును స్వీకరింతువా లేదా యని ఏప్రిల్ 15వ తేదీకి ముందుగా చెప్పుమని విద్యార్థిని నిర్బంధింపరాదు. కావున రెండుచోటుల ఆశయున్నవాడు తొందరపడి తక్కువ సహాయమునకు తలయూపనక్కరలేదు. మర్యాదగా వ్రాసి గడువు కోరవచ్చును. ఇచ్చినదానికంటె కొంచెము హెచ్చు సహాయము సాధ్యమగునా యని అడుగుటయు తప్పుగా ఎంచరు. దరఖాస్తు రుసుము మాఫీ చేయుడని వ్రాసినచో మాఫీ చేయు విశ్వవిద్యాలయములును గలవు. ఇచ్చట మరల మన సామెతయే నిజము.

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు 1954-55నుండి జాతీయ విదేశవిద్యా వేతనము కలదు. దానిలోని 125 స్థానములలో 115 షెడ్యూల్డు కులములకు, 6 సంచారజాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకును సంప్రదాయ వృత్తులవారికిని కేటాయించిరి. కుటుంబాదాయము 8 లక్షలకు లోబడియుండవలయును. వయస్సు 35కు లోబడియుండవలయును. అర్హతపరీక్షలో నూటికి 60 మార్కులు కావలయును. కూలివాని బిడ్డ పేరు పెట్టి పిలుచు స్థానములు దేశము మొత్తముమీద నాలుగింటికి మించలేదన్నచో, ఆ నాలుగింటి వార్త మన పల్లెల కూలివాడలలో ఎందరి చెవిని పడినది? 2022లో ప్రభుత్వము మఱియొక నిబంధన చేర్చి, భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సాంఘికస్థితులను గూర్చి విదేశములలో పరిశోధించువారికి ఈ వేతనము లేదన్నది. కులమును గూర్చి కొలంబియాలో వ్యాసము చదివిన అంబేద్కరుగారికి నేటి నిబంధన క్రింద స్థానము దొరకి యుండెడిదా యని అడుగుట అపరాధము కానేరదు.

ఇక ఋణము. పాఠకులలో భూవసతి గలవారు ఈ భాగమును శ్రద్ధగా చదువవలయునని మా కోరిక. ఏడున్నర లక్షల వరకు విద్యాఋణమునకు ప్రభుత్వపు పూచీనిధి కలదు, తాకట్టు అక్కరలేదు. 2024 నవంబరులో ఆమోదము పొందిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికచేసిన దేశీయ విద్యాసంస్థలలో చేరువారికి తాకట్టు లేక, మఱియొకరి జామీను లేక ఋణము లభించును. 8 లక్షల లోపు ఆదాయముగల కుటుంబములవారికి 10 లక్షల వరకు ఋణముపై నూటికి 3 వంతుల వడ్డీ రాయితీకి వీలు కలదు. విదేశవిద్యకు కావలసిన పెద్ద ఋణములకు మాత్రము బ్యాంకు తాకట్టు కోరును. అచ్చట రైతు ఆశ్చర్యపడును. పదియెకరముల పొలము కలవాని కాగితములను త్రోసిపుచ్చి, పట్టణమున రెండువందల గజముల స్థలము కలవానికి ఋణమిత్తురు. కారణము కలదు. 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము 31వ సెక్షనులో వ్యవసాయభూమిని మినహాయించినది. బాకీ తీరనపుడు ఆ చట్టము క్రింద బ్యాంకు పొలమును స్వాధీనపఱచుకొనలేదు. కావున పొలమును తాకట్టుగా కోరుకొనదు. రైతును రక్షించుటకు చేసిన మినహాయింపు రైతుబిడ్డ చదువునకు అడ్డుపడుట విధివైపరీత్యము. ఆ మీదట అతడు పోవునది ప్రైవేటు ఋణసంస్థ కడకు. లేదా పొలము బేరమునకు. చదువుకాలమును, తరువాత ఒక యేడును వాయిదాలు ఆగును గాని వడ్డీ యాగదు. పొలము అమ్మి విదేశపు మాస్టరు పట్టము కొనుటకు ముందు, వేతనముతో కూడిన చదువునకు ఒక్క సంవత్సరమైనను దరఖాస్తు పెట్టి చూచితిమా యని ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచించుట మేలు. ఒక యేడు ఆలస్యమగుట నష్టము కాదు; పోయిన భూమి మరల రాదు.

ఈ తొందరయే దళారులకు ఆహారము. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము బోగస్సని తేలి మూతపడినపుడు చిక్కుకొన్న విద్యార్థులలో తెలుగువారే అధికులు. కొందఱి కాళ్ళకు నిఘాయంత్రములు తొడిగిరి. 2019 జనవరిలో డెట్రాయిటు సమీపమున ఫార్మింగ్టను విశ్వవిద్యాలయమను పేర అమెరికా అధికారులే పన్నిన వలలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలోను మనవారే మిక్కిలి. తప్పు విద్యార్థులది కొంత, వారిని చేర్చిన మధ్యవర్తులది అధికము. ఇంటిలో లేని ధనమును వీసా కొఱకు బ్యాంకు ఖాతాలో కొన్నినాళ్ళు చూపించు వ్యాపారము మన నగరములలో బహిరంగ రహస్యము. అసత్యముతో మొదలైన చదువు భయముతో సాగును. సహాయమునకు దరఖాస్తు చేయువానికి సత్యమే బలమైన ఆధారము: నా తండ్రి కౌలుదారు, నా యింట చదివినవారిలో నేనే మొదటివాడను, ఈ ఋతువున ప్రత్తిపంట పోయినది అని ఉన్నదున్నట్లు వ్రాసిన నాలుగు పంక్తులు, ఒకరు వ్రాసి నూరుగురికి అమ్మిన ఉద్దేశ్యపత్రముకంటె చదువువాని మనస్సును తాకును.

సిఫారసు లేఖల సంగతియు ఇట్టిదే. విద్యార్థియే తన ప్రశంసను వ్రాసికొని తెచ్చుట, అధ్యాపకుడు చూడక సంతకము చేయుట మన కళాశాలలలో అలవాటు. ఆ లేఖలు చదువు విదేశాచార్యునకు అన్నియు ఒకే అచ్చున పోసినట్లు కానవచ్చును. అధ్యాపకులు వానికి ఒక్కొక్క గంట వెచ్చించినచో ఆ గంట ఒక్కొక్క బిడ్డకు లక్షల విలువ చేయును. ఇది ధనము లేకయే చేయదగిన ధర్మము.

కర్తవ్యమేమి? ప్రభుత్వము మంజూరు చేసిన సొమ్మును ఋతువులో విడుదల చేయవలయును. ఉత్తర్వులను ప్రవేశములకు ముందే ప్రకటింపవలయును గాని చేరిన పిమ్మట మార్చరాదు. గ్రామసచివాలయమున ఫెలోషిప్పుల గడువు తేదీల పట్టిక తెలుగులో వ్రేలాడవలయును. ఇవి అడుగుట మన హక్కు, అడుగుచునే యుందము. కాని అది వచ్చువరకు గ్రామము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు.

1892లో జంషెడ్జీ టాటాగారు ఉన్నతవిద్యకు నిధి నెలకొల్పినపుడు దానిని దానముగా గాక ఋణముగా ఏర్పఱచిరి. ఒకడు చదివి తీర్చిన ధనము మఱియొకని చదువునకు పోవును. తరువాత రాష్ట్రపతియైన కె.ఆర్. నారాయణన్ గారు 1945లో లండనునకు పోయినది ఆ నిధి సహాయముతోనే. ఆ పద్ధతిని చిన్నదిగా పెనుగొలనువంటి గ్రామమున నెలకొల్పుట అసాధ్యము కాదు. ప్రత్తియు మిరపయు అమ్ముడుపోయిన ఋతువున ప్రతి రైతును తనకు తోచిన కొలది పైకము చేర్చవలయును. వడ్డీ లేక, పరీక్ష రుసుములకు, ధ్రువపత్రములకు, ప్రయాణమునకు, వేతనము చేతికి వచ్చులోపలి రెండుమూడు నెలల బసకు మాత్రమే ఇవ్వవలయును. తొలి వేతనము వచ్చిన పిమ్మట విద్యార్థి వాయిదాలలో తీర్చవలయును. ఇచ్చువారు ఒక ఉపాధ్యాయుడు, ఒక విశ్రాంత ఉద్యోగి, కూలివాడనుండి ఒకరు, చదివిన స్త్రీ ఒకరు కావలయును. ఒక్క ఇంటివారో ఒక్క కులమువారో కారాదు. లెక్కను పంచాయతీ గోడమీద అంటింపవలయును. వారముల అన్నమునకుండిన లోపము ఈ నిధికి రాకుండ చూచుకొనుట మన బాధ్యత.

విదేశవిద్యాలయములలో అనేకము దరఖాస్తులకు తుది గడువు డిసెంబరు. పెనుగొలను పొలములలో అది ప్రత్తితీత కాలము. ఇంటిలోనివారందఱును పొలమునందుండు ఆ దినములలో, చదువరియైన బిడ్డ ఒకతె దీపము ముందు కూర్చుండి దరఖాస్తు పూరించుచు, రుసుము గడి కడకు వచ్చి ఆగిపోవును. ఆ గడిని నింపుటకు కావలసిన కొలది రూపాయలు ఆ గ్రామమున లేవని మేము నమ్మము. కాలువ తుదకు నీరు రాలేదని ప్రతి యేడును మొఱపెట్టుకొను రైతు, తన చేతిలోనున్న చిన్న తూమునైనను ఈ పైరునకు విప్పునుగాక.